నామినీ పదవికి రాజీనామా

గుట్టకిందపల్లి (కెంచార్లహళ్ళి పక్కన),
చింతామణి తాలూకా.
తేదీ: 2–2–2026

శ్రీయుత జిల్లాధికారి గారి సముఖమునకు,
చిక్కబళ్ళాపురం.

అయ్యా,

విషయం: అరవై ఒక్క బ్యాంకు ఖాతాలకు నామినీగా నియమింపబడిన నన్ను ఈ నెల పద్దెనిమిదో తేదీ లోపల ఆ పదవి నుండి విడుదల చేయించుట గురించి.

సూచిక: (1) ఇదే విషయమై బ్యాంకుకు నేను ఇచ్చుకున్న మూడు అర్జీలు. (2) వాటికి రాని జవాబులు.

గుట్టకిందపల్లి పాల డైరీలో ఇరవై ఆరు సంవత్సరాలు కార్యదర్శిగా పనిచేసి, మూడేళ్ళ క్రితం విరమించిన పాపన్న అను నేను, అరవై ఏడేళ్ళ వయసులో, సొంత బుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా తమకు విన్నవించుకొనునది ఏమనగా:

ముందుగా ఒక క్షమాపణ. ఈ అర్జీ కన్నడంలో ఉండవలసినది. బ్యాంకుకు ఇచ్చిన మూడూ కన్నడంలోనే, మార్జిను వదిలి, కొట్టివేతలు లేకుండా రాసినాను. వాటి మీద 'అందినది' అని ముద్ర వేసి ఒక్కో నకలు నాకు తిరిగి ఇచ్చినారు. అంతకు మించి ఏమీ జరగలేదు. తమరి తల్లిగారి తరపువారు మదనపల్లె వారని, తమరు తెలుగు బాగా చదువుతారని తమ ఆఫీసు జవాను చెప్పినాడు. అందుచేత ధైర్యం చేస్తున్నాను. కష్టం చెప్పుకోవడానికి నాకు ఇంటి భాషే సులభం.

1. నియామకము. తొమ్మిదేళ్ళ క్రితం, పాల డబ్బు ఇకమీదట చేతికి ఇవ్వకూడదు, ఖాతాకే వేయవలెనని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. డైరీ వసారాలో బ్యాంకువారు శిబిరం పెట్టినారు. ఫారాలు నింపే పని నాది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. నామినీ గడి వచ్చేసరికి ఊరంతా ఆగిపోయింది. మీ తరువాత ఈ డబ్బు ఎవరికి చెందవలెనని నేను మర్యాదగానే అడిగినాను. మగవాళ్ళు తుండుగుడ్డ దులుపుకుని లేచినారు. ఖాతా తెరిచేనాడే చావు మాట ఎత్తుతావా అని నన్నే తిట్టినారు. ఆడవాళ్ళ సంగతి వేరు. వారు మొగుడి పేరే రాయమన్నారు, కానీ ఆ పేరేమిటో చెప్పరు. మా వైపు పెళ్ళైన ఆడది మొగుడి పేరు నోటితో పలకదు. అందరి పేర్లూ నాకు తెలిసినవే అయినా, ఖాతాదారే స్వయంగా చెప్పాలని బ్యాంకాయన పట్టుపట్టినాడు. పోనీ కొడుకు పేరు రాద్దామంటే రెండో కొడుకు పక్కనే నిలబడి వింటున్నాడు. కూతురి పేరు రాద్దామంటే కోడలు వింటున్నది. బ్యాంకాయన గడియారం చూసుకుంటూ, ఏ గడీ ఖాళీగా ఉండకూడదు, ఎవరో ఒకరి పేరు వేయండని తొందర పెట్టినాడు. అప్పుడు మా ఊరి రైతు దేవరాజ్, నా చిన్ననాటి స్నేహితుడు, లేచి పరిష్కారం చెప్పినాడు.

"పాపన్న పేరే రాసుకోండప్పా అందరూ. వాళ్ళకి ఎవురుండారు తినేకి?"

మాకు పిల్లలు లేరు. ఆ రోజు శిబిరానికి కాఫీ పెట్టినది నా భార్య హేమావతి. ఆ మాట ఆమె విన్నది. విని, గ్లాసులు కడుక్కుంటూ ఉండిపోయింది. ఊరు మాత్రం చాలా సంతోషపడింది. ఒక్క పూటలో ముప్పై ఎనిమిది మందికి నేను నామినీనైనాను. నియామక పత్రం ఇవ్వలేదు, జీతం నిర్ణయించలేదు, విరమణ వయసు చెప్పలేదు.

2. జంట ఖాతా. అదే శిబిరంలో బ్యాంకువారు మొదట మంచి సలహానే ఇచ్చినారు. అది ఎందుకు సాగలేదో తమకు తెలియజేయుట నా విధి. మొగుడూ పెళ్ళాం ఇద్దరి పేర్ల మీదా ఖాతా ఉంటే, ఒకరు పోయినా కోర్టుతో పని లేకుండా రెండోవారు డబ్బు తీసుకోవచ్చు. ఫారంలో ఆ ఏర్పాటును 'ఇద్దరిలో ఎవరైనా, లేదా బ్రతికి మిగిలినవారు' అని రాసి ఉన్నారు. నేను దానిని గట్టిగా చదివి వినిపించినాను. తప్పంతా అక్కడ జరిగింది. రామచంద్రప్ప భార్య చిక్కమ్మ అప్పటికే బొటనవేలికి సిరా పూసుకుని ఉన్నది. ఆ మాట వినగానే చెయ్యి వెనక్కి లాక్కున్నది. మిగిలేది తానేనని ముద్ర వేస్తే, మొగుడు ముందు పోవడానికి సర్కారు కాగితం మీద ఒప్పుకున్నట్టేనని ఆమె వాదన. పసుపుకుంకాలతోనే పోవాలని రోజూ దేవుడికి దండం పెట్టుకునే మనిషి దానికి విరుద్ధంగా వేలిముద్ర ఎట్లా వేస్తుంది. పోనీ రామచంద్రప్పను వేయమంటే, పెళ్ళాం పోయినాక డబ్బు తీసుకుని కూర్చుంటానని ఊరందరి ముందూ రాసివ్వమంటారా అని ఆయన కోపం తెచ్చుకున్నాడు. ఆ శిబిరంలో ఎన్ని జంట ఖాతాలు తెరిచినారో తమరు లెక్క తీయించవచ్చును. సున్న.

3. నా కీర్తి. శిబిరమైన రెండేళ్ళకు వెంకటరాయప్ప అనే రైతు కాలం చేసినాడు. ఆయన నామినీని నేనే. మరణ పత్రం తీసుకుని చింతామణికి నాలుగుసార్లు తిరిగినాను. పదకొండో రోజుకు డబ్బు వచ్చింది. ఆ మధ్యాహ్నమే డైరీ వసారాలో కొడుకులందరినీ కూర్చోబెట్టి, వాళ్ళ ఒప్పుదలతోనే మొత్తం ఆయన భార్య చేతిలో పెట్టి, నా నోటు పుస్తకంలో ఆమె వేలిముద్ర తీసుకున్నాను. నామినీ అనేవాడు డబ్బుకు సొంతదారు కాదు, వారసులకు చేరవేసేవాడు మాత్రమేనని బ్యాంకు కాగితంలోనే ఉంది. నేను ఆ కాగితం ప్రకారం నడుచుకున్నాను, అంతే. అదే నా కొంప ముంచింది.

ఎందుకంటే పక్క పల్లెలో రవీంద్ర అనే ఆయన తండ్రి నామినీ గడి ఖాళీగా వదిలి పోయినాడు. రవీంద్ర వంశవృక్ష పత్రం కోసం రెవెన్యూవారి నాడకచేరికి, వారసత్వ పత్రం కోసం కోర్టుకు రెండేళ్ళు తిరిగినాడు. పేపరులో ప్రకటన వేయించినాడు. ఆ ప్రకటన చూసి ఎప్పుడో ఇల్లు విడిచిన చిన్నాయన ఒకడు భాగానికి వచ్చినాడు. మా ఊరివారు ఈ రెండు ఇళ్ళనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. కోర్టు కంటే పాపన్న నయమని తేల్చుకున్నారు. మరో ఇరవై మూడు మంది బ్యాంకుకు పోయి నా పేరు చేర్పించుకున్నారు. వారిలో సగం మంది నాకు చెప్పనైనా లేదు. మొత్తం అరవై ఒకటి. బాగేపల్లి అవతల చాకవేలు నుంచి ఒకాయన రెండు బస్సులు మారి, టెంకాయ, తమలపాకులు పట్టుకుని వచ్చి, నా చెయ్యి మంచిదని విన్నానన్నాడు. ఆయన ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆయనకు తెలియదు. అదే మేలని ఆయన అభిప్రాయం. కాఫీ ఇచ్చి పంపివేసినాను.

4. ఉద్యోగ పరిస్థితులు. పై అరవై ఒక్క మందిలో ఏడుగురు ఇప్పటికి గతించినారు. అందరి డబ్బూ వారి వారి ఇళ్ళకు చేరింది, నోటు పుస్తకం తమరు ఎప్పుడైనా తనిఖీ చేయవచ్చును. కానీ చావింటిలో నా స్థానం ఏమిటో తమరు ఊహించలేరు. నేను పోనిదే శవాన్ని లేపరు. బిడ్డలు ఏడుస్తూనే నాకు కుర్చీ వేస్తారు. అల్లుళ్ళు నా చొక్కా జేబు వైపు చూస్తూ ఉంటారు. మూడో రోజున పాలు పోయడానికి పోయేటప్పుడు కూడా నన్ను ముందు నడిపిస్తారు.

ఇక జబ్బుపడినవారిని పలకరించే భాగ్యం నాకు పోయింది. కిందటి వానాకాలంలో దేవరాజ్‌కు జ్వరం వస్తే నాలుగు బత్తాయిలు తీసుకుని పోయినాను. ఆయన నన్ను చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. లోపల ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టినారు. చిన్నప్పుడు నాతో కలిసి బావుల్లో ఈత కొట్టిన మనిషి, నేను గడప దిగేదాకా ఇటు తిరగలేదు. బత్తాయిలు వెనక్కి తెచ్చుకుని ఒక్కడినే తిన్నాను.

5. ఆరోగ్యము. నా గుండె రక్తనాళాలలో అడ్డంకులున్నాయని డిసెంబరులో తెలిసింది. ఈ నెల పద్దెనిమిదిన బెంగళూరులో ఛాతీ తెరిచి ఆపరేషన్ చేస్తారు. ఈ సంగతి నేను ఒక్క మనిషికే చెప్పినాను, కాబట్టి సాయంత్రానికి ఊరందరికీ తెలిసింది. అప్పటి నుంచి నా మీద కురుస్తున్న ప్రేమను ఏమని వర్ణించేది. దేవరాజ్ పెద్ద కొడుకు లోకేశ్ నా మోటారుసైకిలు తాళం తీసి తన దగ్గర పెట్టుకున్నాడు. మూడిళ్ళ నుంచి ఉప్పు లేని సంగటి వస్తున్నది. నేను దగ్గితే నలుగురు లేచి నిలబడుతున్నారు. మెట్లు ఎక్కబోతే ఇద్దరు చెరొక రెక్క పట్టుకుంటున్నారు. మురుగమల్ల దర్గాలో నా పేరున చాదర్ కప్పిస్తామని యాభై నాలుగు కుటుంబాలు చందా వేసుకుని మొక్కుకున్నాయి. మిగతా ఏడు కుటుంబాలు చందా ఇవ్వలేదు. వారి డబ్బు వారికి చేరిపోయింది గదా.

6. రాజీనామా. ఆ బ్యాంకు పేరు ఇక్కడ రాయను. అక్కడి అధికారిణి అర్పితమ్మ మంచి పిల్ల, నా వల్ల మాట పడకూడదు. జనవరిలో నేను రాజీనామా పత్రం తయారుచేసుకుని పోయి ఆమె ముందు పెట్టినాను. ఆమె రెండుసార్లు చదివింది.

"అప్పా, నామినీ అంటే పోస్టు కాదు. రిజైన్ చేసేదానికి ఫారమే లేదు."

నామినీని పెట్టడానికి ఒక ఫారం, తీసివేయడానికి ఒక ఫారం, మార్చడానికి ఒక ఫారం ఉన్నాయట. మూడింటి మీదా సంతకం ఖాతాదారుదే. నామినీ సంతకానికి ఏ కాగితంలోనూ చోటు లేదు. నన్ను అరవై ఒక్కసార్లు నియమించినప్పుడు కూడా నా సంతకం ఎవరూ అడగలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది. మరి నామినీ పేరు ఎప్పుడు పోతుందమ్మా అని అడిగినాను. ఖాతాదారు మార్చుకుంటే పోతుందని, లేకుంటే, అని ఆగిపోయింది. పరవాలేదు చెప్పమన్నాను.

"లేకుంటే నామినీ కాలమైతే పోతాది."

ఆ రెండో దారికి పద్దెనిమిదో తేదీన నాకు సీటు దొరికిందని చెప్పినాను. ఆమె నవ్వలేదు, మంచినీళ్ళు తెప్పించింది. ఆ తరువాత ఆమె నెమ్మదిగా చెప్పిన సంగతే నన్ను తినేస్తున్నది. నేను పోతే ఆ యాభై నాలుగు ఖాతాలకూ నామినీ లేనట్టే. తరువాత ఆ ఖాతాదారులలో ఎవరు కన్ను మూసినా ఇంటివారు వంశవృక్షం తేవాలి, వారసులందరూ ఒప్పుకుని సంతకాలు పెట్టాలి, ఒక్కరు మొండికేసినా కోర్టు మెట్లు ఎక్కాలి. మా ఊరిలో అన్నదమ్ములందరూ ఒక్క కాగితం మీద సంతకం పెట్టినది నాకు తెలిసి పెళ్ళి పత్రికల మీద మాత్రమే, అవీ అచ్చు వేసిన పేర్లు. నా గుండె ఆగితే ఒక్క చావు. ఊరికి మాత్రం యాభై నాలుగు రవీంద్రలు తయారవుతారు. ఆ పాపం మూట కట్టుకుని ఆపరేషన్ బల్ల ఎక్కడం నాకు ఇష్టం లేదు.

7. ప్రజల సహకారము. బ్యాంకు నుంచి యాభై నాలుగు మార్పు ఫారాలు తెచ్చి డైరీ వసారాలో మూడు రోజులు కూర్చున్నాను. ఒక్కరూ మార్చుకోలేదు. పాత కారణాలు పాతవే, వాటికి కొత్తవి చేరినాయి. ఆపరేషన్ ముందు నా పేరు కొట్టేస్తే నాకు కీడు తలపెట్టినట్టు అవుతుందని కొందరు బాధపడినారు. తమకు నా మీద అంత నమ్మకం లేదని ఊరు అనుకుంటుందని మరికొందరు. ఇప్పుడు చట్టం మారింది, ఒక ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత భాగమో కూడా రాసుకోవచ్చునని నేను ఎంతో ఉత్సాహంగా చెప్పినాను. దేవరాజ్‌కు ఐదుగురు కొడుకులు. ఐదోవాడిగా ఎవరిని వదిలిపెట్టాలో ఇంట్లో సలహా అడిగినాడట. రెండు రోజులు ఆయనకు ఎవరూ అన్నం పెట్టలేదు. మూడోనాడు వచ్చి, నలుగురు కొడుకులకు బదులు నన్నే నాలుగుసార్లు రాసేయమన్నాడు.

8. ఈ అంశం అర్జీలో ఉండనవసరం లేదు. అయినా రాస్తున్నాను. మూడో రోజు సాయంత్రం నేను ఫారాలు కట్ట కట్టుకుంటుంటే చిక్కమ్మ పాలక్యాను కింద పెట్టి నన్ను అడిగింది.

"అందరికీ మార్చుకోండి మార్చుకోండంటాండావు. నీ ఖాతాకి ఎవురుండారప్పా?"

కట్టకు ఇంకొక ముడి వేసినాను. నా ఖాతాకు హేమావతి ఉన్నది. శిబిరంనాడు ముప్పై ఎనిమిది ఫారాలు అయినాక నా ఫారం నింపుకుని ఆమె పేరు రాసినాను. ఇంటికి వచ్చినాక, తినేకి ఎవురుండారన్న మాటకు అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, ఫారంలో ఎవరి పేరు రాసినావని అడిగింది. నీ పేరే అన్నాను. అయితే నువ్వు పోయినాక నేనుండాలని రాసినావా అని కోపం తెచ్చుకుని వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె కోరుకున్నట్టే ముందు పోయింది, పసుపుకుంకాలతోనే. నాలుగేళ్ళయింది. అదృష్టవంతురాలని ఊరంతా అన్నది. నేను అనలేదు.

మార్పు ఫారంలో రద్దు చేయవలసిన నామినీ పేరు అని ఒక గడి ఉంది. అక్కడ హేమావతి అని రాసి కింద సంతకం పెట్టాలి. ఇరవై ఆరేళ్ళలో నీళ్ళు కలిపిన పాలను ఎన్ని క్యాన్లు వెనక్కి పంపినానో లెక్క లేదు, ఎవరి మొహమూ చూడలేదు. ఈ ఒక్క పేరు దగ్గర నా చెయ్యి ఆడటం లేదు. ఊరివారిని మొండివాళ్ళని ఇన్ని పేజీలు రాసినవాడిని, వారికంటే పెద్ద మొండివాడినని తమ ముందు ఒప్పుకుంటున్నాను. నాకు భయంగా ఉంది. ఆపరేషన్ అంటే కాదు, ఆ గడి అంటే.

కావున తమరు దయ ఉంచి,

(అ) నామినీలు రాజీనామా చేసుకొనుటకు ఒక ఫారం అచ్చు వేయించవలెను. (ఆ) అది ఆలస్యమయ్యే పక్షంలో, పద్దెనిమిది లోపల మా ఊరికి బ్యాంకువారిని పంపి మరొక శిబిరం పెట్టించవలెను. వచ్చేవారు 'మీ తరువాత' అను మాట వాడకుండా, 'బ్రతికి మిగిలినవారు' అను మాట చదివి వినిపించకుండా గట్టిగా ఆదేశించవలెను. (ఇ) పై రెండూ వీలు కానిచో, నేను ఆపరేషన్‌లో చనిపోకుండునట్లు తగిన ఉత్తర్వులు జారీ చేయవలెను.

పైన రాసినది అంతయు నిజమని, బత్తాయిల సంగతితో సహా, ప్రమాణపూర్వకముగా తెలుపుకుంటున్నాను. ఫైళ్ళ మధ్య నా ఈ కష్టమును ఒక్కసారి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పాపన్న,
మాజీ కార్యదర్శి, ప్రస్తుత నామినీ.

తా.క. ఈ అర్జీ కవరులో పెట్టే లోపల ఈ ఉదయం ఒక సంగతి జరిగింది. పాలు పోసే వేళకు చిక్కమ్మ వచ్చి మార్పు ఫారం నా ముందు పెట్టి, తన ఖాతాకు మొగుడినే రాయమన్నది. పేరు నువ్వే చెప్పాలమ్మా అన్నాను. అట్లాంటి రూలు లేదని అర్పితమ్మ ఎప్పుడో చెప్పింది, విసుగుతో అన్నాను. ఆమె వెనక నలభై మంది వరుసలో ఉన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. తరువాత కొంగు తీసేసింది.

"రామచంద్రప్ప. రాయప్పా. నేను ముందు పోతే ఆయప్ప కోర్టుకి యాడ తిరుగుతాడు, మోకాళ్ళు పట్టుకోనుండాయి."

ఎవరూ నవ్వలేదు. ఆమె వెనక ప్రతిమ, ఆ వెనక వినుత, అట్లా పన్నెండు గంటలకు ముప్పై ఒక్క మంది ఆడవాళ్ళు మొగుళ్ళ పేర్లు పైకి చెప్పినారు. కొందరు సిగ్గుపడుతూ చెప్పినారు, ఒకామె మాత్రం తిట్టినట్టు చెప్పింది. మగవాళ్ళు ఇంకా ఆలోచిస్తున్నారు. కాబట్టి నా పదవిలో మిగిలినవి ఇరవై మూడు.

చిక్కమ్మ వేలిముద్రకు సాక్షి సంతకం చేసిన చేత్తోనే నా ఫారం కూడా తీసినాను. ఆ గడిలో హేమావతి అని రాసి సంతకం పెట్టినాను. ఎట్లా పెట్టినానో అడగవద్దు.

ఇక కొత్త నామినీ. ఊళ్ళో ఒకరి పేరు రాస్తే మిగతావారు పలకరు. బంధువుల పేరు రాస్తే వారు ఇప్పుడే వచ్చి కూర్చుంటారు. ఎవరికీ ఏమీ కాని మనిషి, కాగితం ప్రకారం నడిచే మనిషి ఎవరా అని వెతికి తమరి పేరు రాసినాను. పేరు తమ ఆఫీసు బోర్డు చూసి రాసుకున్నాను. తండ్రిగారి పేరు జవాను ఫోనులో చెప్పినాడు. వయసు తెలియక నలభై రెండు వేసినాను, ఎక్కువైతే మన్నించవలెను. నేను తిరిగి రాకపోతే ఆ డబ్బుతో డైరీ ముందు పాలు పోసేవారు వరుసగా నిలబడే చోట రేకులు వేయించండి. ఆడవాళ్ళు వానకు తడుస్తున్నారని హేమావతి నాతో ఎన్నోసార్లు పోట్లాడింది, నేను వినలేదు.

నామినీ సంతకం అక్కరలేదని, నామినీకి చెప్పవలసిన పని కూడా లేదని అర్పితమ్మ అన్నది. నేను మర్యాద కోసం తెలియజేస్తున్నాను. తమరికి బదిలీ అయినా, పదవీ విరమణ అయినా ఇది తమరి వెంటనే వస్తుంది. వద్దనుకుంటే ఆ రాజీనామా ఫారం ఏదో తమరే త్వరగా అచ్చు వేయించుకోండి, అందులో రెండు నాకు కూడా పంపించండి.